నర్సింగ్ చదువు అప్పు: బ్యాంకు ఇచ్చే గడువు ఏడాదే

కర్ణాటక సరిహద్దు మండలం నాగల్‌గిద్ద అమ్మాయి ఒకామె బీఎస్సీ నర్సింగ్‌లో మేనేజ్‌మెంట్ సీటు తీసుకుందనుకుందాం. బ్యాంకు ఏటా లక్ష చొప్పున నాలుగేళ్లకు నాలుగు లక్షల ఎడ్యుకేషన్ లోన్ ఇస్తుంది. ఇంత మొత్తానికి పొలం పాసుబుక్కు తాకట్టు పెట్టనక్కర్లేదు, నాన్న సంతకం చాలు. చదువు సాగినన్నాళ్లూ, ఆపైన మరో ఏడాదీ కిస్తీ ఉండదు.

కిస్తీ ఉండదు గానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పది శాతం బారువడ్డీ వేసుకుంటే మొదటి లక్ష మీద ఐదేళ్లకు 50 వేలు, రెండోదాని మీద 40, తర్వాత 30, 20. అంటే 1.4 లక్షలు. అసలుతో కలిపి 5.4 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 7,100 రూపాయలు. ప్రైవేటు ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సుకు ఇది చిన్న మొత్తం కాదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు మించకపోతే, కాలేజీతో పాటు సీటుకూ అర్హత ఉంటే, కిస్తీ లేని కాలపు వడ్డీని కేంద్రమే కడుతుంది. అందుకని తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం అడ్మిషన్ నాడే చేతిలో ఉండాలి.

ఇక సర్కారు కొలువు. 2024 సెప్టెంబరులో తెలంగాణ వైద్య నియామక బోర్డు 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. పరీక్షకు 80 మార్కులు. ప్రభుత్వ దవాఖానల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పద్ధతిన చేసినవారికి 20 దాకా. ఆరు నెలలకు రెండు, గిరిజన ప్రాంతాల్లో రెండున్నర. అంటే 20 మార్కులూ రావాలంటే మామూలు చోట ఐదేళ్లు పనిచేయాలి. బ్యాంకు ఆగేది ఒక్క ఏడాది! చిక్కంతా ఇక్కడే. మారుమూల పనిచేయడానికి సిద్ధపడిన పిల్ల కూడా కిస్తీ భయంతో హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రి బాట పడుతుంది.

అమెరికాలో నర్స్ కోర్ అనే పథకం ఉంది. ఎంపికైన నర్సు సిబ్బంది కొరత ఉన్నచోట రెండేళ్లు చేస్తే చదువు అప్పులో 60 శాతం సర్కారు తీరుస్తుంది. మూడో ఏడూ ఉంటే ఇంకో 25 శాతం. మన దగ్గర పీజీ డాక్టర్లకు బాండ్ రాయించి, రాకపోతే జరిమానా వేయడమే అలవాటు. కర్ణాటక సరిహద్దు మండలాలకు నర్సులు రావాలంటే మార్కులకు తోడు కిస్తీలో వాటా కూడా ఇవ్వాలనేది నా మాట.

ప్రస్తుతానికైతే రెండు పనులు. కాంట్రాక్టు కొలువు చేస్తుంటే సర్వీస్ సర్టిఫికెట్ ఎప్పటికప్పుడు తీసుకోండి. కిస్తీ కట్టలేని నెల వస్తుందని తెలిస్తే ముందే బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి గడువు అడగండి. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, సంతకం పెట్టిన నాన్న సిబిల్ స్కోరు కూడా దెబ్బతింటుంది. ఆయన పంట రుణానికి వెళ్లినప్పుడు అది అడ్డు పడొచ్చు.