ప్రక్కన కూర్చుండు అధ్యాపకుడు: ఆలంపూర్ ఆలయముల నుండి వేదాంత విద్యకు కొన్ని పాఠములు

వేదాంత విద్య మానవీయ శాస్త్రముల కుటుంబమునకు చెందినది. భాష, చరిత్ర, తత్వము, గ్రంథ వ్యాఖ్యానము అనునవి విశ్వవిద్యాలయముల ఆర్ట్స్ విభాగములలోను, మన వేదాంత కళాశాలలలోను ఒకే విధమైన శ్రమను కోరుచున్నవి. ఈ చదువులలో విద్యార్థి ఒక పాఠ్యమును గాని, శిల్పమును గాని శ్రద్ధగా చదివి, తాను గ్రహించిన దానికి ఆధారము చూపవలెను. పుస్తకములు చేతికిచ్చినంత మాత్రమున ఈ నేర్పు రాదు. నేర్చిన వారొకరు ప్రక్కన ఉండవలెను. అట్టి తోడ్పాటు ఎట్లుండునో, దాని నుండి మనమేమి నేర్చుకొనవచ్చునో పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

1. చూచుట నేర్పుట

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని, 2016 నుండి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఆలంపూర్‌ను ఉదాహరణగా తీసికొందము. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యుల కాలములో, అనగా క్రీ.శ. 7, 8 శతాబ్దములలో కట్టిన ఈ ఆలయములకు నవబ్రహ్మ ఆలయములని పేరు. పేరు మాత్రమే విన్న విద్యార్థి ఇవి బ్రహ్మదేవుని గుళ్లని వ్రాయును. లోపలికి వెళ్లి చూచినచో కనబడునది శివలింగము. అట్లే, దక్షిణ దేశపు గుడి గనుక శిఖరము ద్రావిడ పద్ధతిలో ఉండునని అనుకొనును. తల ఎత్తి చూచినచో అది ఔత్తరాహ నాగర పద్ధతి శిఖరము.

మంచి అధ్యాపకుడు ఈ సంగతులను ముందుగా చెప్పివేయడు. విద్యార్థిని గుడి ఎదుట నిలిపి, "నీకేమి కనబడుచున్నది?" అని అడుగును. చూచినది మొదట, దాని అర్థము తరువాత. వాక్యభాగమును చదువుటలో మనము నేర్పు క్రమము కూడ ఇదియే. ఉపమానము పేరు విని ప్రసంగము సిద్ధపరచువాడు నవబ్రహ్మ అను పేరు విని వ్యాసము వ్రాయువాని వంటివాడు.

2. పని జరుగుచుండగానే సహాయము

ఆర్కిటెక్చర్, డిజైన్, చిత్రకళ నేర్పు కళాశాలలలో స్టూడియో పద్ధతి ఉన్నది. విద్యార్థి బొమ్మ గీయుచుండగానే అధ్యాపకుడు బల్ల యొద్దకు వచ్చి, గీతను చూచి, ప్రశ్నించి వెళ్లును. చివర జ్యూరీ ఎదుట విద్యార్థి తన పనిని తానే వివరించి సమర్థించుకొనవలెను. మానవీయ శాస్త్రములలో దీనికి సమానమైనవి సెమినార్, వ్యాసపు ముసాయిదాను దిద్ది తిరిగి ఇచ్చుట. రెండింటిలోను సూత్రమొకటే. తప్పు దిద్దుకొనుటకు ఇంకను సమయముండగానే సహాయము అందవలెను. పరీక్ష ముగిసిన తరువాత వేసిన మార్కు తీర్పు మాత్రమే.

మన కళాశాలలలో ప్రసంగ అభ్యాసము, పరిశోధనా వ్యాసము తరచుగా ఒకేసారి సమర్పించబడి, ఒకేసారి కొలవబడుచున్నవి. నడుమ ఒక్కసారి ముసాయిదా చూచినను విద్యార్థికి ఎంతో మేలు కలుగును.

3. భాష అను గోడ

తెలుగు మాధ్యమములో చదివి వచ్చిన విద్యార్థి ఆంగ్ల గ్రంథముల ఎదుట మౌనియగును. ఆ మౌనమును తెలివితక్కువతనముగా ఎంచుట అన్యాయము. శ్రీశైలం ప్రాజెక్టు నీటిలో మునుగవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి ఆలంపూర్‌లో తిరిగి నిలిపినారు. తెలుగులో ఆలోచించు విద్యార్థిని ఆంగ్ల విద్యలోనికి తెచ్చుట కూడ అట్టి ఓపిక గల పని. తొందరపడినచో రాళ్లు చెదరును.

అతడు తెచ్చిన రాళ్లు విలువైనవని కూడ అతనికి చెప్పవలెను. ఇదే ప్రాంతపు బోరవెల్లిలో 1896లో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డి కావ్యములను, సామెతలను, ప్రజల ఆటపాటలను ఆధారములుగా గ్రహించి ఆంధ్రుల సాంఘిక చరిత్రను రచించెను. 1955లో తెలుగునకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము ఆ గ్రంథమునకే లభించెను. పల్లె నుండి వచ్చిన విద్యార్థికి తెలిసిన మాట, పాట, పని పరిశోధనకు ముడిసరుకు కాగలవని ఇంతకంటె గొప్ప నిదర్శనమేమి కావలెను?

4. తోడు లేనప్పుడు

2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయములో, హాస్టల్ నుండి బహిష్కరణకు గురియైన పరిశోధక విద్యార్థి వేముల రోహిత్ మరణించెను. దళిత విద్యార్థులు ఉన్నత విద్యాసంస్థలలో ఎంత ఒంటరివారగుచున్నారను ప్రశ్న ఆనాడు దేశమంతట లేచినది. మన సంఘములలో అధికులు అదే నేపథ్యము గలవారు గనుక ఇది ఇతరుల ప్రశ్న కాదు. ఫెలోషిప్ అందకపోవుట, మార్గదర్శకుడు మాటలాడకపోవుట, మెస్సులో ఎవరును ప్రక్కన కూర్చొనకపోవుట వేరువేరు సంగతులుగా కనబడినను, విద్యార్థి మీద అవి ఒకే బరువుగా పడును. అందుచేత పాఠము చెప్పుటతో అధ్యాపకుని బాధ్యత తీరదు.

5. ఫిలిప్పు పద్ధతి

అపొస్తలుల కార్యముల గ్రంథము 8వ అధ్యాయములో ఫిలిప్పు ఐతియొపీయుడైన అధికారిని కలిసికొనును. ఆ క్రమము గమనింపదగినది. మొదట ఫిలిప్పు ప్రశ్న అడుగును. పిలిచిన తరువాతనే రథమెక్కి ప్రక్కన కూర్చుండును. ఆ అధికారి చదువుచున్న యెషయా భాగము నుండియే బోధన ఆరంభించును. చివరకు ఫిలిప్పు కనబడకపోయినను ఆ అధికారి ఆనందముతో ప్రయాణము సాగించును. తాను లేకపోయినను విద్యార్థి ముందుకు సాగగలుగుటయే బోధకుని విజయము.

సంఘకాపరులకు కూడ ఇందులో పనియున్నది. మీ సంఘము నుండి పట్టణమునకు చదువ వెళ్లిన యువతీయువకుల పేర్లు మీ ప్రార్థనలో ఉన్నవి. వారు ఏ విషయము చదువుచున్నారో, ఏ గదిలో ఉన్నారో, వారితో మాటలాడు అధ్యాపకుడొకరైనను ఉన్నాడో లేడో కూడ తెలిసికొనుడి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, వారు చదువుచున్న దానిని మీకు వివరించుమని అడుగుడి. వినువాడు ఒకడున్నాడని తెలిసిన విద్యార్థి అంత సులభముగా కృంగిపోడు.