కుంకుడు, పసుపు, పసిబిడ్డ

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో ఒక కుటుంబం సహజమైన, సేంద్రియ వస్తువులకు మారడమంటే, చాలామటుకు ఆ ఇంట్లోనే వాడి వదిలేసిన వాటిలో కొన్నింటిని తిరిగి ఎంచుకోవడం. షాంపూ పొట్లాలు ఊరూరికీ చేరకముందు ఇక్కడ తలకు కుంకుడు, ఒంటికి నలుగుపిండి, గిన్నెలకు బూడిద, ఇత్తడికి చింతపండు, వాకిలికి అలుకు ఉండేవి. బిడ్డ సరుకుల విషయంలో మలుపు 2017 జూన్‌లో వచ్చింది. సర్కారు దవాఖానాలో కాన్పయిన తల్లులకు అప్పటి నుంచి ఇచ్చిన కేసీఆర్ కిట్‌లో దోమతెర, బట్టలతోపాటు బేబీ సబ్బు, నూనె, పౌడరు, డైపర్లు కూడా ఉండేవి. అంగట్లో వాటిని ఎన్నడూ కొనని తండా ఇళ్లకు సైతం అలా అవి చేరాయి. ఆ సరుకుల మంచిచెడ్డలు ఎలా ఉన్నా, పసిబిడ్డకు ఇవన్నీ ఉండాల్సిందేనన్న భావన మాత్రం స్థిరపడింది.

ఇప్పుడు అదే అంగట్లో ఆకుపచ్చ డబ్బాల మీద ‘ఆర్గానిక్’, ‘నేచురల్’, ‘హెర్బల్’ అని రాసినవి రెట్టింపు ధరకు దొరుకుతున్నాయి. ఆ మాటల బరువు అన్నిచోట్లా ఒకటి కాదు. తినే వస్తువుకు ‘సేంద్రియ’ అని రాసి అమ్మాలంటే చట్టం ఉంది. 2017లో వచ్చిన సేంద్రియ ఆహార నిబంధనల ప్రకారం ఆ పంటకు జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం (ఎన్‌పీఓపీ) కిందనో, రైతులే బృందంగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ పద్ధతి కిందనో ధ్రువీకరణ ఉండాలి. ప్యాకెట్ మీద ‘జైవిక్ భారత్’ గుర్తు ఉండాలి. తన పంటను తానే నేరుగా వినియోగదారుడికి అమ్ముకునే చిన్న రైతుకు ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉంది. ఈ నిబంధనలు ఆహారానికే. సబ్బుకు, షాంపూకు, నేల తుడిచే ద్రవానికి ఇవి వర్తించవు. కాబట్టి బేబీ లోషన్ డబ్బా మీద ‘ఆర్గానిక్’ అని ఉంటే అది ఎక్కువగా తయారీదారు మాటే. సబ్బు కొనేటప్పుడు ఆ మాటకన్నా, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండే టీఎఫ్ఎం (మొత్తం కొవ్వు పదార్థం) అంకె చూడటం మేలు. ఒంటి సబ్బులో కొవ్వు పదార్థం 76 శాతం ఉంటే మొదటి గ్రేడు, 70 ఉంటే రెండోది, 60 ఉంటే మూడోది.

మార్పు మొదలుపెట్టడానికి కుంకుడును మించినది లేదు. దాని తొక్కలో ఉండే సాపోనిన్లు నీటిలో నురగ కట్టి జిడ్డును విడదీస్తాయి. ఇందులో ఈ ప్రాంతానికి పనికొచ్చే గుణం ఒకటుంది. తెలంగాణలో చాలాచోట్ల బోరునీళ్లు కఠినంగా ఉంటాయి. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలతో సబ్బు కలిసి తెల్లటి తెట్టుగా మారి బట్టకూ బకెట్‌కూ అంటుకుంటుంది. కుంకుడు రసం అలా విరగదు. గుప్పెడు కాయలు కొట్టి, గింజలు తీసేసి, వేడినీళ్లలో నానబెట్టి పిసికి గుడ్డతో వడకడితే బిడ్డ బట్టలు ఉతకడానికి సరిపోతుంది. రసాయన పరిమళం ఉండదు. డిటర్జెంట్లలో ఉండే, బట్టను తెల్లగా మెరిపించే పదార్థాలూ ఇందులో ఉండవు. అందుకే తెల్లబట్టలు క్రమంగా కాస్త మసకబారుతాయి. అది మురికి కాదు. నూనె మరకలకు, అంట్లగిన్నెల అడుగు మాడుకు మాత్రం కుంకుడు చాలదు. క్రిములను చంపుతుందని నమ్మి జబ్బుపడిన బిడ్డ బట్టలను దానికొక్కదానికే వదిలేయకూడదు. వాటిని మరగబెట్టాలి, ఎండలో ఆరేయాలి.

సహజమైనదంతా మెత్తనిదేనన్న అపోహను కుంకుడే పోగొడుతుంది. కంట్లో పడితే ఎంత మంటో తలంటు పోసుకున్న ప్రతి తెలుగువాడికీ తెలుసు. అదే సాపోనిన్ చేపలకు విషం. కుంకుడు జాతి కాయలు నీటిలో వేసి చేపలను మత్తెక్కించి పట్టే పద్ధతి చాలా ప్రాంతాల్లో ఉంది. ఉతికిన నీళ్లను చెట్ల పాదుల్లో పోయవచ్చు, చెరువులో కలపకూడదు. నెలల పిల్లల తలకు కుంకుడు అక్కర్లేదు, గోరువెచ్చని నీళ్లు చాలు. అసలు పుట్టిన మొదటి 24 గంటలు స్నానమే వద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పసిబిడ్డ చర్మం పలుచన, బరువుతో పోలిస్తే దాని వైశాల్యం ఎక్కువ. పూసినది ఒంట్లోకి ఇంకడం సులువు. అందుకే ఏది పూయాలన్న ప్రశ్నకన్నా ఏది మానాలన్న ప్రశ్న ముందు రావాలి.

మానాల్సిన జాబితాలో దుకాణపు సరుకులూ ఉన్నాయి, అమ్మమ్మల అలవాట్లూ ఉన్నాయి. పౌడరు మొదటిది. టాల్క్ పొడి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, చర్మానికి దానివల్ల చెప్పుకోదగ్గ మేలు లేదు. జాన్సన్ అండ్ జాన్సన్ టాల్క్ పౌడరును 2023లో ప్రపంచమంతటా ఆపి మొక్కజొన్న పిండితో చేసినదానికి మారింది. 2024లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ టాల్క్‌ను ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో చేర్చింది. పొడి ఏదైనా గాలిలో లేస్తుంది కనుక అసలు లేకపోవడమే మంచిది. బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండలు రెండోది. వాటిలోని నాఫ్తలిన్ వాసన, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపమున్న బిడ్డల్లో ఎర్రరక్తకణాలను చిదిపి తీవ్రమైన కామెర్లు తెస్తుంది. లోపం ఉందో లేదో ఇంట్లో ఎవరికీ ముందుగా తెలియదు. ఎండిన వేపాకు మూటతో పని జరుగుతుంది.

ఇక సొంత సంప్రదాయం వైపు చూస్తే, పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం ప్రమాదం. ఎంత స్వచ్ఛమైన అడవి తేనెలోనైనా బోటులిజం క్రిమి బీజాలు ఉండవచ్చు. ఏడాదిలోపు పిల్లల పేగుల్లో అవి మొలకెత్తి కండరాలను చచ్చుబరుస్తాయి. ముక్కులో నూనె చుక్కలు వేస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియాకు దారి తీస్తుంది. కర్పూరం కొద్దిగా మింగినా పసివాడికి ఫిట్స్ వస్తాయి. బజారు సుర్మాలో సీసం ఉండే అవకాశం ఉంది. ఇంట్లో దీపపు మసితో పట్టిన కాటుకలో సీసం లేకపోయినా వేలితో కంటికి పెట్టడం వల్ల ఇన్ఫెక్షన్ వస్తుంది, దిష్టికే అయితే అరికాలికి పెడితే సరిపోతుంది. ఊదు పొగ తలారడానికి వేస్తారు గానీ, పొగ ఏ చెట్టు బంకదైనా పసి ఊపిరితిత్తులకు పొగే. బొడ్డుకు పేడ, బూడిద రాయడం ఒకప్పుడు ధనుర్వాతంతో ఎందరో బిడ్డలను బలిగొంది. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, శుభ్రమైన బ్లేడు కలిసి ఆ జబ్బును తగ్గించాకే, 2015లో భారతదేశానికి దాని నిర్మూలన ధ్రువీకరణ దక్కింది. బొడ్డు పొడిగా ఉంటే చాలు.

మిగిలేవి కొన్నే, అయినా మంచివి. ఒంటికి కొబ్బరినూనె చాలామంది బిడ్డలకు సరిపడుతుంది. ఆవనూనె కొందరికి మంట పుట్టిస్తుంది. నలుగుకు మెత్తగా జల్లించిన పెసరపిండి మంచిదే, ఎండుగా రుద్దితే చర్మం గీరుకుపోతుంది, పాలతోనో నీళ్లతోనో జారుగా కలపాలి.

నలుగులో కలిపే పసుపు దగ్గరే ఈ ప్రాంతపు అసలు బలం బయటపడుతుంది. 2016 అక్టోబరులో విడిపోయేవరకు కామారెడ్డి నిజామాబాద్ జిల్లాలోనిదే. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగానే మొదలైంది. పంట పక్కనే ఉన్నా పొడి ప్యాకెట్ కొనడం అలవాటైంది. పసుపుకు నిగనిగలాడే రంగు రావడానికి కొన్నిచోట్ల లెడ్ క్రోమేట్ కలుపుతారు. బంగ్లాదేశ్ పల్లెల్లో గర్భిణుల రక్తంలోని సీసానికి ప్రధాన మూలం ఇదేనని పరిశోధకులు తేల్చాక, 2019లో అక్కడి ప్రభుత్వం దాడులు చేయించింది. 2021 నాటికి మార్కెట్ పసుపులో ఆ కల్తీ కనిపించకుండా పోయింది. సీసం పసివారి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇక్కడి కుటుంబానికి దారి తేలిక: పాలిష్ లేని మట్టిరంగు కొమ్ములు కొని గిర్నిలో పట్టించుకోవడం. సేంద్రియ ముద్ర లేకపోయినా, ముద్రలున్న ఎన్నో డబ్బాల కన్నా ఈ పసుపు పుట్టుపూర్వోత్తరాలు ఎక్కువ తెలుస్తాయి.

బెల్లం కథా ఇలాంటిదే. కామారెడ్డి బెల్లం మార్కెట్‌కు పేరున్న ఊరు. కొనేవాడు పచ్చగా తెల్లగా ఉన్నది కావాలంటాడు, వండేవాడు హైడ్రోస్ అనే రసాయనం వేసి ఆ రంగు తెప్పిస్తాడు. ముదురు రంగు బెల్లమే అడగాలి. అయితే రెండేళ్లలోపు బిడ్డకు చక్కెరైనా బెల్లమైనా కలపకపోవడమే మంచిది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేదీ వద్దు. ఆ తర్వాత జావకు రాగులు, జొన్నలు సేంద్రియంగా కావాలనుకుంటే, పక్కనే జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు 1980ల నుంచి అలాంటి చిరుధాన్యాలే పండిస్తున్నారు.

డైపర్ల విషయంలో పట్టుదల పనికిరాదు. వాడి పారేసే డైపర్‌లో నీటిని పీల్చే పాలీఅక్రిలేట్ గుళికలు, ప్లాస్టిక్ పొర ఉంటాయి. చిన్న పురపాలికల చెత్తకుప్పల్లో అవి ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. పాత నూలు పంచె చింపిన గుడ్డలు వాటికి ప్రత్యామ్నాయమే, కానీ వేసవిలో బోరు ఎండినప్పుడు రోజుకు డజను గుడ్డలు ఉతికే పని సాధారణంగా ఒక్క ఆడమనిషి మీదే పడుతుంది. పగలు గుడ్డ, రాత్రికి, ప్రయాణానికి డైపర్ అనుకుంటే చెత్తా తగ్గుతుంది, తల్లికి నిద్రా దొరుకుతుంది.

నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు బొమ్మలు కొనేటప్పుడు రంగును చూడాలి. నిర్మల్ కొయ్యబొమ్మలు అల్మారా మీద అందం. చప్పరించడానికి, చెట్ల రంగులు కలిపిన లక్క పూతతో చేసే అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మలే నయం.

ఇల్లు తుడిచే సరుకుల్లో అన్నింటికన్నా ముందు ఆపాల్సింది కలపడం. మరుగుదొడ్డికి వాడే యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. గచ్చుకు రోజూ ఫినాయిల్ అక్కర్లేదు, పాకే బిడ్డ ఉన్న ఇంట్లో మామూలు నీళ్లతో తుడిచి, వారానికోసారి సబ్బునీళ్లు వాడితే చాలు. రాగి, ఇత్తడికి చింతపండు, గిన్నెలకు కొబ్బరిపీచు ఎలాగూ ఉన్నాయి. కుంకుడు రసం చేసిపెట్టుకునేవారు రెండు రోజులకు సరిపడానే చేసుకోవాలి, తర్వాత పులుస్తుంది. దాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి కిటికీలో పెట్టకూడదు. బిడ్డకు ఆ రంగు పానీయంలాగే కనిపిస్తుంది, తాగితే వాంతులవుతాయి.