గని గోతుల్లో నీలి సరస్సులు: కైయూనా ఎర్రమట్టి బాటలు

మినెసోటా రాష్ట్రానికి పదివేల సరస్సుల నాడు అని పేరు. అక్కడి కార్ల నంబరు పలకల మీద కూడా ఆ మాటే కనిపిస్తుంది. పూర్తిగా ఆ రాష్ట్రపు ఎల్లల లోపలే ఉన్న సరస్సులలో అన్నింటికన్నా లోతైనది ఏది అని ఎవరినైనా అడిగితే, హిమానీనదాలు తొలిచిన ఏదో ఒక ప్రాచీన జలాశయం పేరు చెబుతారు. రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖ లెక్క వేరు. ఆ లెక్కలో మొదటి స్థానం క్రాస్బీ అనే చిన్న ఊరి పక్కనున్న పోర్ట్స్‌మౌత్ గని గోతిది. దాని లోతు సుమారు 450 అడుగులు. సహజ సరస్సులలో మొదటిదైన సగనాగా లోతు 240 అడుగులు మాత్రమే. మంచుయుగం తవ్విన దానికన్నా మనిషి ఇనుము కోసం తవ్విన గొయ్యి దాదాపు రెట్టింపు లోతు తేలింది!

అటువంటి గోతులు ఆ పరిసరాలలో పదిహేను ఉన్నాయి. వాటి గట్ల మీద, తవ్విపోసిన మట్టిగుట్టల మీద ఇప్పుడు సైకిళ్ళు తిరుగుతున్నాయి. మినియాపొలిస్ నుంచి కారులో రెండు గంటలకు పైగా ఉత్తరంగా వెళితే వచ్చే ఈ ప్రాంతం పేరు కైయూనా. అక్కడి బాట మీద సైకిలు తొక్కేవారికి రాళ్ళూ మలుపులూ ముందుగా కనబడతాయి. నన్ను ఆకర్షించింది మాత్రం నీరు. ఆ నేలకు సంబంధించిన ప్రతి ప్రశ్నా చివరకు నీటి దగ్గరకే వెళుతుంది కనుక, ఈ వ్యాసంలో ఆ దారినే పట్టుకుని నడుస్తాను.

మొదట పేరు సంగతి. కైలర్ ఆడమ్స్ అనే సర్వేయరుకు యూనా అనే సెయింట్ బెర్నార్డ్ జాతి కుక్క ఉండేది. యజమాని పేరులో మొదటి భాగానికి కుక్క పేరును కలిపితే కైయూనా అయింది. ఒక లోహక్షేత్రానికి కుక్క పేరు పెట్టిన సందర్భం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. ఆ ప్రాంతంలో భూములు కొలుస్తూ తిరిగే ఆడమ్స్ గమనించినదేమిటంటే, కొన్నిచోట్ల దిక్సూచి ముల్లు ఉత్తరాన్ని చూపకుండా పక్కకు తప్పుకుంటోంది. ఇనుపరాయి నేలపైన ఎక్కడా బయటపడలేదు. హిమానీనదాలు మోసుకొచ్చి పోసిన ఇసుక, కంకర, బంకమట్టి దానిని మందంగా కప్పేశాయి. అయినా అడుగునున్న అయస్కాంత ఖనిజం ముల్లును లాగుతూనే ఉంది. కంటికి కనిపించని ఖనిజాన్ని కేవలం అయస్కాంత విచలనాల ఆధారంగా పసిగట్టి, తరువాత రంధ్రాలు వేసి నిర్ధారించిన క్షేత్రం ఇది. మినెసోటాలోని మూడు ఇనుప క్షేత్రాలలో వెర్మిలియన్, మెసాబీల తరువాత చివరగా తెరచినది కూడా ఇదే. 1911లో తొలి ఖనిజం ఇక్కడినుంచి రైలెక్కింది.

ఈ శిలలు సుమారు 190 కోట్ల సంవత్సరాల నాటి సముద్రగర్భపు అవక్షేపాలు. మెసాబీ రాయికీ దీనికీ ముఖ్యమైన భేదం ఒకటి ఉంది: కైయూనా ఖనిజంలో ఇనుముతోపాటు మాంగనీసు అధికంగా కలిసి ఉంది. ఉక్కు తయారీలో మాంగనీసు రెండు పనులు చేస్తుంది. కరిగిన లోహంలో మిగిలిపోయిన ఆమ్లజనిని లాగేస్తుంది. గంధకాన్ని తనతో బంధించి, ఎర్రగా కాలిన ఉక్కు సుత్తి దెబ్బకు పగలకుండా కాపాడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో విదేశాలనుంచి ఓడలు రావడం కష్టమైనప్పుడు, అమెరికా ఉక్కు పరిశ్రమకు స్వదేశీ మాంగనీసు అవసరమైంది. కైయూనాకు దశ తిరిగింది.

తెలుగువారికి ఈ లోహం కొత్తది కాదు. భారతదేశంలో మాంగనీసు తవ్వకం 1892లో విజయనగరం ప్రాంతంలోనే ఆరంభమైంది. అక్కడి కోడూరు గని పేరుమీదుగా ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1907లో ఒక శిలకు ‘కోడురైట్’ అని నామకరణం చేశాడు. మన ఊరి పేరు శిలాశాస్త్ర గ్రంథాలలో చేరిన సంగతి గరివిడి, చీపురుపల్లి దాటితే ఎక్కువమందికి తెలియదు. సైకిలుకూ మాంగనీసుకూ కూడా బంధుత్వం ఉంది. 1935లో ఇంగ్లండులో వచ్చిన రేనాల్డ్స్ 531 అనే ప్రసిద్ధమైన సైకిలు గొట్టం మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ఉక్కే.

గనుల వెంట ఊళ్ళు పుట్టాయి. క్రాస్బీ, ఐరన్‌టన్, ట్రోమాల్డ్, రివర్‌టన్, కైయూనా ఒకదానికొకటి కూతవేటు దూరంలో వెలిశాయి. ఫిన్లాండు, స్వీడను, క్రొయేషియా, స్లొవేనియాలనుంచి వచ్చిన కార్మికులు ఈ ఊళ్ళను నింపారు. ఇంగ్లీషు రాకుండా వచ్చి, సొంత భాషలో సంఘాలు పెట్టుకుని, పిల్లలను ఇంగ్లీషు బడికి పంపినవారు వీరు. ఇటువంటి సంచికను చదివేవారికి ఆ జీవితాన్ని వేరే వర్ణించనక్కరలేదు. 1932లో క్రాస్బీ ప్రజలు కార్ల్ ఎమిల్ నైగార్డ్‌ను పురాధ్యక్షునిగా ఎన్నుకున్నారు. అమెరికాలో ఆ పదవికి ఎన్నికైన తొలి కమ్యూనిస్టుగా ఆయన పేరు చరిత్రలో నిలిచింది. మాంగనీసు పేరే పెట్టుకున్న మరొక ఊరు అంత అదృష్టం చేసుకోలేదు. 1912 ప్రాంతంలో మనుషులు చేరిన ఆ ఊరు 1960 నాటికి ఖాళీ అయిపోయింది. ఇప్పుడు అక్కడ అడవి మాత్రం ఉంది.

ఇక్కడ నీరు తన ముఖాన్ని ఒకసారి చూపించింది. ఆ సంగతి తెలియకుండా ఈ బాటల మీద తిరగకూడదని నా అభిప్రాయం. 1924 ఫిబ్రవరి 5న మిల్ఫోర్డ్ గనిలో షిఫ్టు ముగియడానికి కొద్ది నిమిషాల ముందు, లోపలి సొరంగం ఒకటి కూలింది. పైనున్న బురద సరస్సుకు దారి తెరుచుకుంది. బురదా నీరూ కలిసి గనిని నింపడానికి ఇరవై నిమిషాలైనా పట్టలేదు. దిగువన ఉన్న 48 మందిలో నిచ్చెన పట్టుకుని పైకి చేరినవారు ఏడుగురు. 41 మంది మరణించారు. క్లింటన్ హారిస్ అనే కార్మికుడు గని అడుగున ఖనిజపు తొట్టిని పైకి పంపే స్థానంలో ఉన్నాడు. నిచ్చెన అతనికి చేరువలోనే ఉంది. అయినా అక్కడే నిలబడి హెచ్చరిక ఈల తాడు లాగాడు. అతడు మునిగిపోయిన తరువాత కూడా ఆ ఈల గంటల తరబడి మోగుతూనే ఉన్నదని పైనున్నవారు చెప్పారు. దేహాలన్నింటినీ వెలికితీయడానికి నెలలు పట్టింది. మినెసోటా గనుల చరిత్రలో ఇంతకు మించిన ప్రమాదం లేదు. ఇప్పుడు ఆ స్థలంలో స్మారక ఉద్యానం ఉంది.

భూగర్భ జలమట్టానికి దిగువన గని తవ్వడమంటే రాత్రింబగళ్ళు నీటిని తోడి బయట పోయడమే. బావి తవ్వించినవారందరికీ ఈ సూత్రం తెలుసు. 1980ల నాటికి ఇక్కడ తవ్వకాలు ముగిశాయి. పంపులు ఆగాయి. నాలుగు వైపులనుంచీ ఊటనీరు గోతులలోకి చేరి, కొన్నేళ్ళలో తన పూర్వపు మట్టానికి వచ్చి నిలిచింది. గట్ల మీద పెరిగిన చెట్లు నిలువుగానే మునిగాయి. ఈతగాళ్ళు గాలి సీసాలతో దిగి ఆ జలవనాన్ని చూసి వస్తుంటారు.

ఇక్కడి నీరు అంత తేటగా ఉండడానికి కారణం చెప్పుకోవలసినదే. సరస్సు పచ్చబడేది నాచు వల్ల, నాచుకు ఆహారం భాస్వరం. సహజ సరస్సుకు చుట్టుపక్కల పొలాలనుంచి, చిత్తడి నేలలనుంచి వాగులు భాస్వరాన్ని మోసుకొస్తాయి. గని గోతికి అటువంటి పరీవాహక క్షేత్రం దాదాపు లేదు. వచ్చేది వాననీరు, ఊటనీరు. వచ్చిన కాస్త భాస్వరాన్ని ఇనుప ఆమ్లజనిదాలు పట్టుకుని అడుగుకు దింపేస్తాయి. గట్లు నిటారుగా ఉండడం చేత నీటిమొక్కలు వేళ్ళూనే లోతులేని అంచు కూడా తక్కువే. నాచు లేని లోతైన నీరు సూర్యకాంతిలోని ఎరుపును మింగి నీలాన్ని వెదజల్లుతుంది. ఆ నీలం చుట్టూ తుప్పురంగు గట్టు ఉండడం వల్ల రెండు రంగులూ మరింత ప్రస్ఫుటమవుతాయి.

గని గోతి నీరంతా ఇలాగే ఉంటుందని అనుకోవద్దు. తూర్పు జర్మనీలోని లుసాటియాలో లిగ్నైటు గనులను కూడా సరస్సులుగా మార్చారు. అక్కడి మట్టిలో పైరైటు, అనగా ఇనుప గంధకిదం, ఉంది. అది గాలీ నీరూ తగిలి గంధకికామ్లంగా మారడంతో కొన్ని సరస్సుల నీరు పుల్లబారి, సున్నం కలపవలసి వచ్చింది. కైయూనాలో తవ్వినది ప్రధానంగా ఆమ్లజనిద ఖనిజం, అంటే అప్పటికే తుప్పుపట్టిన ఇనుము. ఆమ్లం పుట్టించే సరుకు తక్కువ. అందువల్లనే రాష్ట్రశాఖ ఇక్కడ ట్రౌట్ చేపలను వదలగలుగుతోంది.

మరొక విశేషం. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అత్యంత బరువుగా ఉంటుంది. వసంతంలోనూ శరత్తులోనూ నీరంతా ఆ ఉష్ణోగ్రతకు వచ్చినప్పుడు, గాలి తోడ్పాటుతో సరస్సు పైనుంచి కిందివరకు కలగలుస్తుంది. అడుగుకు ప్రాణవాయువు చేరుతుంది. గని గోతికి వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ, ఎత్తైన గట్లు గాలిని అడ్డుకుంటాయి. అందుచేత ఇటువంటి కొన్ని సరస్సులలో కలయిక అడుగుదాకా వెళ్ళదు. పైన ట్రౌట్ ఈదుతున్నా, అట్టడుగు పొర ఏళ్ళ తరబడి ఊపిరి లేకుండా ఉండిపోతుంది.

1993లో మినెసోటా శాసనసభ ఈ ప్రాంతాన్ని కైయూనా కంట్రీ రాష్ట్ర విహారక్షేత్రంగా ప్రకటించింది. విస్తీర్ణం 5,000 ఎకరాలకు పైమాట. తవ్విపోసిన మట్టిని సింగరేణి వారు ఓబీ గుట్టలు అంటారు; ఇక్కడి ఓబీ గుట్టలు కొన్ని రెండువందల అడుగుల ఎత్తు ఉంటాయి. వాటిని ఏమి చేయాలన్నది చాలాకాలం తేలలేదు. 2011లో సుమారు 25 మైళ్ళ సైకిలు బాటలు తెరిచారు. తరువాత అవి 50 మైళ్ళను దాటాయి. బాటల పేర్లు వింటే గని జాబితా విన్నట్లే ఉంటుంది: హాల్ రోడ్, డ్రాగ్ లైన్, టింబర్ షాఫ్ట్, మ్యాన్ కేజ్. మ్యాన్ కేజ్ అంటే కార్మికులను గనిలోకి దించే పంజరం. ఆ పేరు పెట్టినవారికి మిల్ఫోర్డ్ గుర్తుండే ఉంటుంది.

కొండ సైకిలు 1970లలో కాలిఫోర్నియాలోని మరీన్ కౌంటీలో రూపుదిద్దుకుంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో పోటీగా చేరింది. దాని చరిత్ర కన్నా బాట నిర్మాణం ఆసక్తికరం. బాటకు మొదటి శత్రువు చక్రం కాదు, నీరు. నీరు పల్లమెరుగు అన్నారు. గుట్ట మీద నిట్టనిలువుగా బాట వేస్తే వాన దానిని రెండేళ్ళలో వాగుగా మారుస్తుంది. అందుచేత బాటను గుట్ట నడుముకు అడ్డంగా చుడతారు. బాట వాలు గుట్ట వాలులో సగాన్ని మించకూడదు, సగటున నూటికి పది దాటకూడదు అన్నవి నిర్మాతలు పాటించే లెక్కలు. గుట్ట వాలు నూటికి ముప్ఫై ఉంటే బాట వాలు పదిహేనుకు లోబడి ఉండాలన్న మాట. బాటను పల్లం వైపు కొద్దిగా ఒరగనిస్తారు. మధ్యమధ్య చిన్న మెరక పెడతారు. మన రైతు పొలంలో మడవ తీసినట్లే, నీరు అక్కడ పక్కకు తప్పుకుంటుంది. సైకిలువానికి ఆ మెరకలు అలలవలె తోస్తాయి. అల దిగేటప్పుడు ఒళ్ళు అణచి, ఎక్కేటప్పుడు లేపితే, ఉయ్యాల ఊగినట్లు పెడలు తొక్కకుండానే వేగం వస్తుంది.

మలుపులకు గిన్నె అంచువలె గట్టు కడతారు. సెకనుకు 6 మీటర్ల వేగంతో 6 మీటర్ల వ్యాసార్ధం గల మలుపు తిరిగే సైకిలు సుమారు 31 డిగ్రీలు ఒరగాలి. బల్లపరుపు నేల మీద అంత ఒరిగితే టైరు జారవచ్చు. గట్టు కూడా అంతే ఒరిగి ఉంటే, సైకిలు నేలకు లంబంగా నిలిచి, టైరుకు పక్కకు జారే పని తప్పుతుంది. రైలు మలుపులో ఒక పట్టాను ఎత్తుగా పెట్టేది ఇందుకే. ఇనుపమట్టిలో కంకర కలిసి ఉండడం ఇక్కడ మేలు చేసింది. వాన త్వరగా ఇంకిపోయి, నేల గట్టిగా అదుముకుంటుంది. తెల్లచొక్కా మాత్రం వేసుకోకండి. ఆ ఎరుపు ఏ సబ్బుకూ లొంగదు. శీతాకాలంలో లావు టైర్ల సైకిళ్ళ కోసం మంచును చదునుచేసి ఉంచుతారు. మంచు కరిగే వసంతంలో బాటలు మూసివేసి ఉంటాయి కనుక ముందుగా విచారించి బయలుదేరడం మంచిది.

ఈ కథలో మాంగనీసు వంతు ఇంకా పూర్తికాలేదు. విద్యుత్తు కార్ల బ్యాటరీలకు ఆ లోహం అవసరం కావడంతో, క్రాస్బీకి ఉత్తరాన ఎమిలీ వద్ద ఇదే క్షేత్రంలో 2020 దశకంలో మళ్ళీ రంధ్రాలు వేసి ఖనిజాన్ని పరీక్షించారు. అక్కడ గని తెరిస్తే పంపులు మళ్ళీ నడవాలి. తోడిన నీటిని ఎక్కడ వదలాలి, చుట్టుపక్కల బావుల, సరస్సుల మట్టం ఎంత తగ్గుతుంది అన్న ప్రశ్నలకు ముందే లెక్క కట్టవలసి ఉంటుంది.