మొదటి బీరు నల్లగానే ఉండాలి

ఆస్ట్రేలియాలోనో బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఉంటూ, ఇంట్లో బీరు చేసుకోవాలని సరదాపడే తెలుగువారి చెయ్యి దుకాణంలో ముందు లాగర్ కిట్ మీదకే పోతుంది. ఇండియాలో తాగి అలవాటైంది ఆ లేత పసుపు బీరే కనక అది సహజం. కానీ కొత్తవారికి అంతకంటే చిక్కు తెచ్చే ఎంపిక లేదు. మొదటిసారి చేసేవారు కొనవలసింది స్టౌట్ కిట్. నల్లని రంగు, మాడీ మాడని గింజల చేదు చూసి ఇదేదో ఆరితేరిన వారి పని అనుకుంటారు. కిట్‌తో చేసే బీర్లలో ఇంత తేలిగ్గా కుదిరేది మరొకటి లేదు.

ముందు కిట్ డబ్బాలో ఏముందో చూద్దాం. రాగి మాల్ట్ తాగేవారికి సగం సంగతి తెలిసే ఉంటుంది: ధాన్యాన్ని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్. బీరుకు వాడేది బార్లీ. మొలకలో పుట్టే ఎంజైములు గింజలోని పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ మాల్ట్‌ను దంచి, సుమారు 65 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచి తీపి రసం దింపడం, దాన్ని హాప్ పూలతో మరిగించి చేదు పట్టించడం ఈ విద్యలో అసలు కష్టం. కిట్ కంపెనీ ఆ కష్టాన్ని ఫ్యాక్టరీలోనే ముగించి, రసంలోని నీటిని చాలావరకు ఇగిర్చి, చిక్కని పాకాన్ని డబ్బాకెత్తుతుంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 1862లో మొదలైన కూపర్స్ కంపెనీ అమ్మే స్టౌట్ డబ్బా 1.7 కిలోలు, ఈస్ట్ పొట్లం దాంతోపాటే వస్తుంది. పాకాన్ని, కిలో చక్కెరను రెండు లీటర్ల వేడినీళ్లలో కరిగించి, చన్నీళ్లతో 23 లీటర్లకు నింపి, గోరువెచ్చదనం కూడా పోయాక ఈస్ట్ చల్లి మూత బిగించాలి. ఆ తర్వాత పని ఈస్ట్‌ది.

ఇక స్టౌటే ఎందుకు? మాల్ట్ పాకం నిల్వ ఉన్నకొద్దీ నల్లబడుతుంది, రుచిలో కాస్త పాతవాసన చేరుతుంది. దుకాణంలో ఎన్నాళ్లుందో తెలియని డబ్బాతో లాగర్ చేస్తే ఆ తేడా మొదటి గుక్కలోనే నాలుకకు తగులుతుంది. స్టౌట్‌లో బాగా వేయించిన బార్లీ రుచి ముందు అది పెద్దగా తెలియదు. బీరు తేటపడకపోయినా నల్లని గ్లాసులో కనిపించదు. వీటికంటే పెద్ద కారణం వేడి. అసలైన లాగర్ ఈస్ట్‌కు 10 నుంచి 12 డిగ్రీలు కావాలి, తర్వాత వారాల తరబడి ఇంకా చల్లగా నిల్వ ఉంచాలి. అంటే ప్రత్యేకంగా ఒక ఫ్రిజ్. స్టౌట్‌కు వాడే ఏల్ ఈస్ట్ 18 నుంచి 20 డిగ్రీల్లో హాయిగా పనిచేస్తుంది. చల్లని దేశాల్లో ఇంట్లో ఏదో ఒక మూల ఆ వేడిలోనే ఉంటుంది. నీటి సంగతీ అంతే. ఐర్లాండ్ రాజధాని డబ్లిన్ నీళ్లలో క్షారగుణం ఎక్కువ. లేత బీరుకు అది ప్రతికూలం, వేయించిన గింజల పులుపును మాత్రం అది సరిగ్గా సర్దుతుంది. ఐర్లాండ్‌లో నల్ల బీరు అంతగా నిలదొక్కుకోవడానికి ఈ నీళ్లూ ఒక కారణం. చివరిగా, స్టౌట్‌లో గ్యాస్ తక్కువే ఉండాలి. గ్యాస్ కోసం సీసాలో వేసే చక్కెర తగ్గుతుంది, సీసా పేలే ప్రమాదమూ తగ్గుతుంది.

ఇక ఈ నలుపు చరిత్ర చూస్తే, గింజను నల్లగా వేయించే పద్ధతికి 1817లో డేనియల్ వీలర్ తీసుకున్న పేటెంటు దారి వేసింది. ఆర్థర్ గిన్నిస్ 1759లో డబ్లిన్‌లోని సెయింట్ జేమ్స్ గేట్ స్థలాన్ని ఏడాదికి 45 పౌండ్ల చొప్పున 9,000 ఏళ్లకు లీజుకు తీసుకున్నాడంటే అందరూ నవ్వుతారు గానీ, నేటి గిన్నిస్ స్టౌట్ రుచికి మూలమైన, మొలకెత్తించకుండా వేయించే బార్లీ ఆనాటిది కాదు. అప్పట్లో పన్ను వసూలు మాల్ట్ మీద కనక మొలకెత్తని గింజ వాడకాన్ని చట్టం ఒప్పుకోలేదు. 1880లో బ్రిటన్ ప్రధాని గ్లాడ్‌స్టన్ మాల్ట్ పన్ను ఎత్తేశాకే ఆ దారి తెరుచుకుంది. తమాషా ఏమిటంటే, ఇంట్లో చేసుకునేవారు కూడా లైసెన్సు తీసుకోవాలన్నది అదే 1880 చట్టం. 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఆ షరతు తీసేశాకే బ్రిటన్‌లో కిట్ల వ్యాపారం ఊపందుకుంది. అమెరికాలో జిమ్మీ కార్టర్ 1978లో సంతకం పెట్టిన చట్టం ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా అనుమతించింది. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు.

తప్పుల్ని కప్పిపుచ్చే బీరుతో మొదలుపెడితే పని ఎప్పుడు నేర్చుకుంటారు అని అనుభవజ్ఞులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే స్టౌట్ కప్పేది మన చేతిలో లేని లోపాలను: పాకం వయసు, కాస్త మసక. మన చేతిలో ఉన్న తప్పుల్ని అది దాచదు. పాత్ర సరిగ్గా శుభ్రం చేయకపోతే సూక్ష్మజీవులు చేరి వచ్చే పులుపును ఏ నలుపూ మూయలేదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ఆసుపత్రి వాసన వస్తుంది. మెటాబైసల్ఫైట్ మాత్ర పావు ముక్కతో అది విరుగుతుంది. ఇరవై ఎనిమిది డిగ్రీల గదిలో పులియబెడితే ఘాటు వాసనలు పైకి తేలతాయి. అంటే శుభ్రత, నీళ్లు, వేడి అనే మూడింటినీ స్టౌట్ నేర్పే తీరుతుంది. డబ్బా కలిపితే అది బీరు చేయడమా అనే ఎగతాళికి నా దగ్గర పెద్ద జవాబు లేదు. ఈస్ట్‌ను చూసుకోవడమే సగం పని, ఆ సగం ఇక్కడ పూర్తిగా ఉంది. కిట్ బీరు పలుచన అనే విమర్శ మాత్రం నిజం. చక్కెర మొత్తం పులిసి ఆల్కహాల్‌గా మారుతుంది, బీరుకు చిక్కదనం మిగల్చదు. కిలో చక్కెరలో సగం తీసి అరకిలో మాల్ట్ పొడి వేయండి. ఇంకాస్త ఓపికుంటే 200 గ్రాముల వేయించిన బార్లీని గుడ్డలో కట్టి అరగంట వేడినీళ్లలో నానబెట్టి ఆ కషాయం కలిపితే డబ్బా రుచి సగం పోతుంది.

ఇంట్లో చేసిన మద్యం అనగానే మనకు గుర్తొచ్చేది కల్తీ సారా మరణాలు. అవి మిథనాల్ కలిసిన సారాతో జరిగేవి. బీరును ఎవరూ బట్టీ పెట్టరు, అందులో పారిశ్రామిక స్పిరిట్ కలపరు. దాని ఆమ్లగుణం, హాప్స్, ఆల్కహాల్ కలిసి రోగక్రిముల్ని పెరగనీయవు. ఆల్కహాల్ చేసే హాని మాత్రం ఇంటి బీరులోనూ అంతే. చట్టం సంగతి వేరు. మన రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల జాబితాలోది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా బీరు చేయడం, ఒక్క సీసా అమ్మకపోయినా, నేరం. కాబట్టి ఈ పద్ధతి విదేశాల్లో, అక్కడి చట్టం ఒప్పుకున్నచోట ఉండేవారికే.

వారికి ఒక మాట. కిట్ కన్నా ముందు, ద్రవం సాంద్రత చూపే హైడ్రోమీటర్ కొనండి. మొదట 1.040 దగ్గర చూపించేది వారం, పది రోజుల్లో 1.010 దాకా దిగుతుంది. అంటే సుమారు 4 శాతం ఆల్కహాల్. బుడగలు ఆగాయని నమ్మి సీసాల్లోకి ఎత్తవద్దు. రెండు మూడు రోజులు వరసగా అదే అంకె చూపిస్తేనే లీటరుకు 4, 5 గ్రాముల చక్కెరతో సీసాలు నింపండి, నాలుగు వారాలు మూత తీయకండి.