సెలవులో ఇంటికొచ్చిన అబ్బాయి - అమెరికా వీసా

కువైట్‌కు మనుషుల్ని పంపని ఊళ్ళు మన కడప జిల్లాలో తక్కువే. కఫీల్ రిలీజ్ ఇస్తే తప్ప అక్కడ పని మారడం ఎంత కష్టమో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2008లో ఇడుపులపాయకు ట్రిపుల్ ఐటీ వచ్చింది. పదో తరగతి కాగానే అందులో చేరిన పిల్లల్లో కొందరు ఇంజనీర్లై అమెరికా దాకా వెళ్ళారు. అక్కడ ఉద్యోగానికి వాళ్ళు తీసుకునేది ఎక్కువగా హెచ్-1బి వీసా. దాని పద్ధతి వేరు.

అబ్బాయి నెల సెలవు మీద ప్రొద్దుటూరు వచ్చాడనుకోండి. ఇక్కడుండగానే ఇంకో కంపెనీ పెద్ద జీతానికి పిలిచింది. "ఇంకా ఆలోచన ఎందుకురా, పాతదానికి రాజీనామా రాసి పంపెయ్" అంటాం మనం. ఆ మాట అనకండమ్మా.

వీసా బదిలీ అని వాడుకగా అంటున్నాం గానీ, నిజానికి కొత్త కంపెనీ తన పేరున మళ్ళీ పిటిషన్ వేయాలి. పాత యజమాని ఒప్పుకోలు అక్కర్లేదు. లాటరీలో ఒకసారి లెక్కకు వచ్చినవాడికి, ఆరేళ్ళ గడువులో మిగిలిన కాలానికి మళ్ళీ లాటరీ ఉండదు. అంతవరకు సులువే.

చిక్కంతా మనిషి ఎక్కడున్నాడన్న దాంట్లో ఉంది. అమెరికాలో సక్రమంగా ఉద్యోగం చేస్తున్నవాడైతే, 2000లో వచ్చిన చట్టం ప్రకారం, కొత్త పిటిషన్ దాఖలు కాగానే కొత్త పనిలో చేరవచ్చు. మనింట్లో కూర్చున్నవాడికి ఆ వెసులుబాటు లేదు. అప్రూవల్ వచ్చేదాకా ఆగాల్సిందే. ఈలోగా రాజీనామా చేశాడా, పాస్‌పోర్టులో పాత కంపెనీ స్టాంపు ఉన్నా, లేని ఉద్యోగం పేరు చెప్పి విమానం దిగడానికి లేదు. రెంటికీ చెడతాడు.

అప్రూవల్ వచ్చాక మాత్రం, స్టాంపు గడువు మిగిలుంటే, దాని మీద పాత కంపెనీ పేరే ఉన్నా పరవాలేదు. కొత్త అప్రూవల్ కాగితం చేతబట్టుకుని వెళ్ళవచ్చు. గడువు తీరితే హైదరాబాదు నానక్‌రాంగూడలోనో, మద్రాసులోనో కాన్సులేటుకు వెళ్ళి కొత్త స్టాంపు వేయించుకోవాలి. 2025 డిసెంబరు 15 నుంచి అభ్యర్థుల సోషల్ మీడియా ఖాతాలు కూడా చూడడం మొదలుపెట్టారు. అప్పుడు చాలామందికి ఇంటర్వ్యూలు నెలల తరబడి వెనక్కి జరిగాయి. సెలవుకని వచ్చిన పిల్లలు ఇక్కడే చిక్కుకుపోయారు.

ఇంకో పెద్ద దెబ్బ ఉంది. 2025 సెప్టెంబరు 21 తర్వాత వేసే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలని ఏడాది కాలానికి ఉత్తర్వు తెచ్చారు. అమెరికా బయట ఉండి, చెల్లే హెచ్-1బి స్టాంపు లేనివాళ్ళకు అది వర్తిస్తుందని అక్టోబరులో వివరణ ఇచ్చారు. ఒక్క మనిషి కోసం అంత సొమ్ము కట్టే కంపెనీలు ఎన్నుంటాయి చెప్పండి? అందుకని అబ్బాయి స్టాంపు గడువు తేదీ మీరే ఒకసారి చూడండి. పిటిషన్ వేసే రోజుకు ఆ నిబంధన ఎలా ఉందో కొత్త కంపెనీ వకీలును అడిగి తెలుసుకోమనండి.

నాకు మేలనిపించే దారి ఒకటే. స్టాంపుకు గడువుంటే, పాత ఉద్యోగం వదలకుండా వెళ్ళి అందులోనే చేరి, కొత్త పిటిషన్ అక్కడి నుంచి వేయించుకోవాలి. పిటిషన్ రుసుములు కంపెనీ కట్టవలసినవి. నువ్వే కట్టుకోమని కన్సల్టెన్సీ వాళ్ళంటే అనుమానించాల్సిందే.

వెంట కోడలు ఉంటే, ఆమె హెచ్-4 స్టాంపు గడువు కూడా చూడాలి. అది చెల్లుతుంటే కొత్తది అక్కర్లేదు. భర్త కొత్త అప్రూవల్ నకలు ఒకటి ఆమె చేతిసంచిలోనూ పెట్టండి.