సరకులకును ఆయువు కలదు

మనుష్యులకు బాల్య యౌవన వార్ధకములు కలవని మనమెల్లరము ఎఱుగుదుము. అంగడిలో మనము కొను సరకులకును అట్టి దశలే కలవని చెప్పినచో కొందఱు సోదరీమణులు నవ్వవచ్చును. కాని యింటిసొమ్ము ఖర్చుపెట్టు చేయి చాలవఱకు స్త్రీదే. కావున వర్తకుడు తన సరకు ఏ దశయందున్నప్పుడు ఏ యుపాయము పన్నునో తెలిసికొనుట గృహిణికి మిక్కిలి యవసరము. అది తెలిసిన యిల్లాలికి ఆ నెల జీతము ఆ నెలకు సరిపోవును. తెలియని యిల్లాలికి ఇరువదవ తేదీకే డబ్బు చాలదు.

లోకమునందలి భావములకెల్ల ఆఱు వికారములు కలవని వార్ష్యాయణి మతమును యాస్కుడు నిరుక్తమునందు చెప్పెను. అవి పుట్టుట, ఉండుట, మారుట, పెరుగుట, తఱుగుట, నశించుట. నేటి వాణిజ్యశాస్త్రజ్ఞులు ఇంచుమించుగా అట్టి క్రమమునే సరకులయందు గుర్తించి, ప్రవేశము, వృద్ధి, పరిపాకము, క్షీణత యని నాలుగు దశలు ఏర్పఱచిరి. 1965వ సంవత్సరమున థియొడోర్ లెవిట్ అను అమెరికా పండితుడు హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికలో వ్రాసిన వ్యాసమువలన ఈ మాట మిక్కిలి వ్యాపించినది.

ఈ దశలు నాలుగును మన వంటయింటనే చూపగల సరకు డాల్డా. నూనెలోనికి ఉదజని వాయువు నెక్కించి, దానిని నేతివలె గట్టిపఱచినది వనస్పతి. లీవరు కంపెనీవారు దానిని డాల్డా యను పేరుతో 1937లో మన దేశమునకు తెచ్చిరి. నేయి ప్రియము, సామాన్య సంసారులకు పండుగనాడు తప్ప దొరకదు. నేతిరుచికి అలవాటుపడిన జనులు క్రొత్తదానిని నమ్ముట యెట్లు? అందుకై కంపెనీవారు సినిమాహాళ్లలో చిన్నచిత్రము చూపించిరి. డబ్బా ఆకారముగల బండిని వీధులలో త్రిప్పిరి. జనుల యెదుటనే పిండివంటలు వేయించి రుచి చూపిరి. హోటళ్లకు పెద్ద డబ్బాలు, సంసారులకు చిన్న డబ్బాలు చేయించిరి. ఇది ప్రవేశదశ. ఈ దశలో వర్తకునికి రాబడికన్న ఖర్చే హెచ్చు.

పిమ్మట వృద్ధిదశ వచ్చెను. పసుపుపచ్చని డబ్బాపై తాటిచెట్టు బొమ్మ ఇంటింటికి తెలిసినదయ్యెను. ఇతర కంపెనీలవారును వనస్పతి చేసి అమ్మసాగిరి. అయినను జనులు దేనినైనను డాల్డా యనియే పిలిచిరి. ఒక సరకు పేరు ఆ జాతి కంతటికిని పేరగుట పరిపాకదశకు గుర్తు. ఖాళీ డబ్బాలో పప్పు పోసికొనని యిల్లు, తులసిమొక్క నాటని యిల్లు అరుదు.

ఇంతలో చిక్కులు కలిగినవి. స్వచ్ఛమైన నేతిలో దీనిని కలిపి అమ్ము వర్తకులు బయలుదేరిరి. నిషేధింపవలెనని 1950 దశకమున పెద్ద వాదము చెలరేగెను. వనస్పతిలో నూటికి అయిదు పాళ్లు నువ్వులనూనె కలిపితీరవలెనని ప్రభుత్వము నియమము చేసినది. నువ్వులనూనె కలిసినచో ఒక రసాయనపరీక్షయందు గులాబిరంగు తేలును. అందుచేత నేతిలోని కల్తీ బయటపడును.

తరువాత క్షీణదశ. శుద్ధిచేసిన నూనెలు 1980 దశకమునుండి బజారును ముంచెత్తినవి. నూనెను సగము గట్టిపఱచునప్పుడు పుట్టు ట్రాన్స్ కొవ్వు గుండెకు కీడు చేయునని 1990 మొదలు పరిశోధనలు చాటినవి. 2003లో హిందుస్తాన్ లీవరువారు డాల్డాను బంగీ కంపెనీకి అమ్మివేసిరి. ఆహారపు నూనెలలోను కొవ్వులలోను ట్రాన్స్ కొవ్వు నూటికి రెండు పాళ్లు మించరాదని 2022 జనవరినుండి మన ప్రభుత్వపు నిబంధన. నేతికి బదులుగా ఎన్నియో యేండ్లు పిల్లలకు వడ్డించినదానిని గూర్చి నిజము ఇంత యాలస్యముగా తెలియుట చిన్న సంగతి కాదు. ప్రకటన యెంత వేగముగా వచ్చునో పరిశోధన అంత వేగముగా రాదు.

అయిన, ప్రతి సరకును ఈ త్రోవనే పోవునా? పోదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయియందు అమృతాంజనమును స్థాపించిరి. గానసభలలో ఉచితముగా పంచిపెట్టి దానికి ప్రచారము కల్పించిరి. అది నేటికిని అంగళ్లలో నున్నది. రూపు మార్చుకొని, క్రొత్త సరకులను తోడు చేర్చుకొని ఆ సంస్థ నిలిచినది. ఈ దశల సిద్ధాంతమును అతిగా నమ్మరాదని 1976లో కొందఱు పండితులు హెచ్చరించిరి. సరకు ముసలిదైనదని తలచి యజమాని ప్రకటనలు మానును. మానుటచేతనే అమ్మకము తగ్గును. అప్పుడు తన యూహ నిజమైనదని అతడు సంతసించును. రోగికి అన్నము మాన్పి, చూచితిరా చిక్కిపోయెనని చెప్పు వైద్యునివంటివాడితడు.

ఇక గృహిణులకు మేము చెప్పదలచినది. క్రొత్త సరకు వచ్చినప్పుడు ఉచితముగా నిచ్చు నమూనాను పుచ్చుకొనుటలో దోషము లేదు. ఇల్లంతటికి ఒక్కసారి కొనుటలో దోషము కలదు. ప్రవేశదశలో వెల కొన్నిట అతి హెచ్చు, కొన్నిట అతి తక్కువ. 1995లో మన దేశమున సెల్ ఫోను వచ్చినప్పుడు నిమిషపు మాటకు పదునాఱు రూపాయలవఱకు అయ్యెను. ఓపిక పట్టినవారికి అదే మాట కాసులలో దొరకినది.

వృద్ధిదశలో పోటీదారులు వత్తురు. అప్పుడు నాలుగు అంగళ్లు విచారించినచో లాభము మనది. పరిపాకదశలో జాగ్రత్త మఱింత కావలెను. అప్పటికి సరకులన్నియు ఒక్కతీరుగనే యుండును గనుక, పోటీ కాగితపు రంగులోను కానుకలోను నడచును. వెల మారదు, లోపలి తూకము మాత్రము తగ్గును. పొట్లముపై వెలయు నికరపు తూకమును ముద్రింపవలెనని చట్టము కలదు. ఆ రెండు అంకెలను చూచి నూరు గ్రాములకెంతయో లెక్కించుకొనుడు. క్షీణదశలో సగము వెలకు ఇచ్చెదమందురు. అది పప్పైనచో గడువుతేదీ చూడుడు. యంత్రమైనచో విడిభాగములు ఇంకను దొరకునా యని యడుగుడు.

ఇంట పచ్చళ్లు, అప్పడములు చేసి అమ్ము సోదరీమణులకును ఈ విద్య యక్కఱకు వచ్చును. 1959లో బొంబాయియందు ఏడుగురు స్త్రీలు ఎనుబది రూపాయల అప్పుతో అప్పడములు చేయ మొదలిడిరి. అదియే నేటి లిజ్జత్ సంస్థ. మొదట కొంచెముగా చేసి, రుచి నిలుపుకొని, పిమ్మట పెంచవలెను. పొరుగువారు అదే పచ్చడి చేయుట చూచి కోపింపరాదు. అది మీ సరకు పెరుగుచున్నదనుటకు గుర్తు. అమ్మకము తగ్గకమునుపే క్రొత్త రుచి సిద్ధము చేసికొనుడు.

సరకు వయస్సు వర్తకునికి తెలియును. మనకును తెలిసిననాడు బేరము సమమగును.