కంటికి కనబడని మురికి

జగిత్యాల జిల్లాలో గోదావరికి దక్షిణమున ఉన్న మల్లాపూర్ ప్రాంతమున వరితోబాటు పసుపు కూడ పండింతురు. ఆ చుట్టుపట్ల కోరుట్ల, మెట్‌పల్లి మొదలగు ఊళ్లలో ఎందరో స్త్రీలకు బీడీలు చుట్టుట జీవనోపాధి. పసుపుకొమ్ములను ఉడికించి ఆరబెట్టిన చేతులు పచ్చబడును. తునికాకు కత్తిరించి పొగాకు నింపిన వ్రేళ్లు మసకబారి ఘాటుగా వాసన వేయును. అట్టి చేతులతో అన్నము ముట్టుటకు ఎవరికిని మనసొప్పదు. సబ్బు పెట్టి రుద్ది కడుగుకొందురు. కాని పసిబిడ్డకు మలశుద్ధి చేసిన చేయి, బస్సులో కమ్మీ పట్టుకొన్న చేయి చూచుటకు శుభ్రముగనే ఉండును. దానిపై చెంబెడు నీళ్లు పోసికొని కంచము ముందు కూర్చొందురు. రోగములు ఎక్కువగా వచ్చునది ఈ రెండవ చేతినుండియే.

టైఫాయిడు, కలరా, రక్తవిరేచనములు, ఒక రకపు కామెర్లు, పసిపిల్లలకు విరేచనములు కలిగించు రోటా వైరసు—ఇవన్నియు రోగి మలముతో వెలువడి, మరియొకరి నోటిద్వారా కడుపులో ప్రవేశించును. నడుమ వాటిని మోయునవి నీళ్లు, ఆహారము, ఈగలు, అన్నిటికంటె దగ్గరగా ఉండు చేతులు. నులిపురుగుల గ్రుడ్లు గోళ్లక్రింద దాగియుండును. జలుబు, ఇన్‌ఫ్లుయెంజా, 2020లో లోకమునంతటిని కలవరపెట్టిన కరోనా ప్రధానముగా గాలిద్వారా వ్యాపించినను, కలుషితమైన చేతితో ముక్కునో కన్నునో తాకినప్పుడు కూడ సోకవచ్చును.

కేవలము నీళ్లతో కడిగిన చాలదా? చాలదు. చర్మముపై ఎల్లప్పుడును పలుచని జిడ్డుపొర ఉండును. సూక్ష్మజీవులు దానికి అంటుకొని యుండును. నీళ్లకును జిడ్డుకును పొత్తు కుదరదు గనుక నీళ్లు పైపైన జారిపోవును. సబ్బు అణువునకు రెండు కొనలు గలవు. ఒకటి నీటితో కలియును. రెండవది జిడ్డుతో కలియును. రుద్దినప్పుడు ఈ అణువులు జిడ్డును చిన్నచిన్న బిందువులుగా విడదీసి చుట్టుముట్టును. నీళ్లు పోయగానే ఆ బిందువులతోబాటు సూక్ష్మజీవులును కొట్టుకొనిపోవును. కరోనా, ఇన్‌ఫ్లుయెంజా వైరసులకు క్రొవ్వుతో కూడిన పైపొర ఉండుటచేత సబ్బు ఆ పొరను చీల్చి వాటిని నాశనము చేయును. రోటా వైరసుకు అట్టి పొర లేదు. అయినను దానిని చేతినుండి తొలగించుటయే చాలును.

ఈ భేదమును లండనులో జరిగిన ఒక పరిశోధన లెక్కలతో చూపినది. 2011లో ప్రకటింపబడిన ఆ పరిశోధనలో కొందరు బహిరంగ స్థలములలోని తలుపుల పిడులను, కమ్మీలను తాకిరి. తరువాత వారి చేతులను పరీక్షింపగా, కడుగుకొననప్పుడు నూటికి 44 సార్లు మలసంబంధమైన బాక్టీరియా కనబడెను. నీళ్లతో మాత్రమే కడిగినప్పుడు 23 సార్లు, సబ్బుతో కడిగినప్పుడు 8 సార్లు మాత్రమే కనబడెను. కరాచీ నగరపు బీదవాడలలో సబ్బుతో చేతులు కడుగు అలవాటును ప్రోత్సహింపగా 15 ఏండ్లలోపు పిల్లలలో విరేచనములు సుమారు సగమునకు తగ్గినవని 2005లో వెల్లడియైనది. అచట సాధారణపు సబ్బు, క్రిమిసంహారకము కలిపిన సబ్బు సమానముగనే పనిచేసినవి. కావున ఖరీదైన సబ్బు అక్కరలేదు.

భారతదేశములో 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారము మలవిసర్జన తరువాత సబ్బుతో చేతులు కడుగు కుటుంబములు నూటికి 74. భోజనమునకు ముందు అట్లు చేయునవి 36 మాత్రమే. సుమారు 60 కుటుంబములు భోజనమునకు ముందు నీళ్లతోనే సరిపెట్టుకొనుచున్నవి. మురికి ఉన్నదని తోచినచోట సబ్బు వాడుట, తోచనిచోట మానుట ఇందు స్పష్టము.

చదువుకొన్నవారును ఈ పొరపాటు చేసిరి. 1847లో వియన్నా ఆసుపత్రిలో వైద్యులు శవపరీక్ష గదినుండి నేరుగా ప్రసూతి వార్డునకు వచ్చి బాలింతలను పరీక్షించుచుండిరి. ఏప్రిల్ నెలలో ఆ వార్డున నూటికి 18 మంది తల్లులు మరణించిరి. సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు మే నెలలో క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడుగుకొనవలెనని నిర్బంధించెను. జూన్ నాటికి మరణములు నూటికి రెండుకు దిగినవి. సూక్ష్మజీవుల సిద్ధాంతము ఇంకను స్థిరపడని ఆ కాలమున పలువురు వైద్యులు ఆయన మాటను త్రోసిపుచ్చిరి.

కనబడనిదానిని కనబడునట్లు చేయుటకు పాఠశాలలో ఒక చిన్న ప్రయోగము గలదు. రెండు చుక్కల కొబ్బరినూనెలో చిటికెడు పసుపు కలిపి విద్యార్థి అరచేతులకు, వ్రేళ్లకు పూయవలెను. మొదట నీళ్లతో మాత్రమే కడిగిన పచ్చదనము పోదు. తరువాత సబ్బు రాచి, అలవాటు చొప్పున రెండు మూడు క్షణములు రుద్ది, నీళ్లు పోయకుండ ఆగవలెను. సబ్బు క్షారగుణము గలది గనుక అది సోకినచోట పసుపు ఎర్రబారును. బొటనవ్రేలి మొదలు, వ్రేళ్లసందులు, గోళ్లచివరలు పచ్చగనే మిగులును. సబ్బు చేరని తావులు అవియే! అచ్చటచ్చట కూడ రుద్దుచు 20 క్షణములు గడిపినచో తేడా తెలియును. చర్మముపై కొంత చాయ మిగిలినను చింతలేదు. జిడ్డు పోయినదా లేదా అన్నదే ముఖ్యము.

కొళాయినుండి శుభ్రమైన నీళ్లు వచ్చినను, ముంత ముంచుచు బిందెలో వ్రేళ్లు తడిపినచో అవి చెడిపోవును. అందుచేత పొడవైన కాడగల గరిటె వాడుట మేలు. సబ్బు లేనప్పుడు శుభ్రమైన పొయ్యిబూడిదతో రుద్దుకొనుట వట్టినీళ్లకంటె మెరుగు. నేలమీది మట్టి మాత్రము పనికిరాదు, అందు పురుగుల గ్రుడ్లు ఉండవచ్చును.

వంటకు ముందు, భోజనమునకు ముందు, బిడ్డకు తినిపించుటకు ముందు, మలవిసర్జన తరువాత, బిడ్డకు మలశుద్ధి చేసిన తరువాత సబ్బు తప్పక వాడవలెను. మధ్యాహ్న భోజనపు వరుసలో నిలుచు పిల్లల చేతులకు పసుపు గాని పొగాకు గాని అంటియుండకపోవచ్చును. వారిని సబ్బువద్దకు పంపవలసిన వేళ అదియే.